శ్లాబు పోసి పో

నాకు ఇల్లు మంజూరైందన్న కబురు వచ్చినప్పుడు నేను అంగన్‌వాడీలో పిల్లలకి గుడ్లు ఉడకబెడుతున్నాను. సచివాలయంలో ఇళ్ల పనులు చూసే ఇంజినీరు ఫోను చేసి, "అమ్మా, మీ పేరు వచ్చిందండీ" అన్నాడు. ఎందులో వచ్చిందని అడిగాను. మా ఏజెన్సీలో పేరు వచ్చిందంటే అది మంచికో చెడుకో ముందు తేల్చుకోవాలి. "ఇళ్లలో అమ్మా. ప్రభుత్వం ఇల్లొచ్చింది మీకు" అన్నాడు. ఫోను పెట్టేసి పొయ్యి పక్కన నిలబడి నవ్వడం మొదలుపెట్టాను. ఎంతసేపు నవ్వానో తెలీదు గానీ గిన్నెలో నీళ్లన్నీ ఇగిరిపోయి గుడ్లు టపటపా పేలాయి. ఆ రోజు పిల్లలు మాడు వాసన గుడ్లు తిన్నారు. ఒక్కరూ పేచీ పెట్టలేదు. నేను నవ్వుతుంటే వాళ్లకీ నవ్వొచ్చింది.

అంత నవ్వెందుకంటే చెప్పాలి. నేను అంగన్‌వాడీలో ఆయాని. పొద్దున్నించి మధ్యాహ్నం దాకా ప్రభుత్వం పొయ్యి మీద వండుతాను. సాయంత్రం ఇంటికొచ్చి అత్త పొయ్యి మీద వండుతాను. పెళ్లికి ముందు అమ్మ పొయ్యి. అంతకుముందు ఆశ్రమ పాఠశాలలో చదివే రోజుల్లో హాస్టల్ వంటమనిషి పొయ్యి. బుద్ధెరిగాక ఇన్ని పొయ్యిలు ఊదాను గానీ, ఇది నాదీ అని చెప్పుకోడానికి ఒక్కటి లేదు. నిజానికి నాకు కావలసింది ఇల్లు కాదు, పొయ్యి. దాన్ని పెట్టుకోడానికి చుట్టూ గోడలూ పైన కప్పూ ఉండాలి కాబట్టి ఇల్లు.

మా ఊరు డుంబ్రిగుడ నుంచి లోపలికి వచ్చే రోడ్డు పక్కనే. ఇళ్లన్నీ గోడకి గోడ ఆనించి వరసగా ఉంటాయి. ఈ చివర ఇంట్లో తుమ్మితే ఆ చివర ఇంట్లో చిరంజీవ అంటారు. వరసలో నడిమి ఇల్లు మా అత్తది. అందులో అత్త, మా బావగారి సంసారం, మేమిద్దరం, మా పిల్లలు, వానాకాలం అయితే మేకలు కూడా. అత్త విధవరాలు, పొట్టి మనిషి, పెద్ద గొంతు. ఊళ్లో ఆడవాళ్లందరికీ ఆవిడే పెద్ద. వంట ఎవరు చేసినా ఆవిడ పక్కన పీట వేసుకుని కూచుని, మంట ఎక్కువైందనో కూర పలచనైందనో చెబుతూ ఉంటుంది. వండేది మనమైనా వంట ఆవిడదే.

ఇంట్లో మేం మాట్లాడేది ఆదివాసీ ఒడియా, తెలుగు కలిసిపోయిన మాట. దాన్ని ఇక్కడ తెలుగులోకే దించుతున్నాను. "నాకు ఇల్లు మంజూరైందత్తా" అని చెప్పాను.

"ఎవులకి?" అంది.

"నాకు."

"మరి ఈ ఇంట్లో ఉన్నోళ్లం ఎవులమే? సుట్టాలమా?" అని పీట తీసుకుని బయటికెళ్లి కూచుంది. అప్పట్నించి నెలల తరబడి ఆవిడ ఆ ఇంటి గురించి ఒక్క మంచి మాట అనలేదు. "ఏటే గుంటా, ఈ పొయ్యి మండట్లేదా నీకు?" అని మాత్రం రోజూ అడిగేది.

మా ఆయన సంతలకి జీపు తోలుతాడు. మాట పొదుపు. తల్లికీ పెళ్లానికీ మధ్య ఉన్న మగాడికి మాట పొదుపుగా ఉండటమే క్షేమం అని ఎక్కడ నేర్చుకున్నాడో గానీ బాగా నేర్చుకున్నాడు. ఇద్దరం వరసకి ఎదురుగా, రోడ్డుకి దగ్గరగా ఉన్న మా వాటా మెట్టలో కొలతలు వేయించి పునాది తవ్వించాం.

ప్రభుత్వం డబ్బు ఒక్కసారిగా రాదు. పునాది లేస్తే ఒక బిల్లు పడుతుంది, గోడలు లేస్తే ఒకటి, శ్లాబు పోస్తే ఒకటి. ప్రతిసారీ కట్టిన దాని ముందు ఇల్లు ఎవరిదో ఆ మనిషి నిలబడాలి. ఇంజినీరు తన ఫోన్లో ఫొటో తియ్యాలి. ఏ కొండ మీద, ఏ మూల తీశారో కూడా ఆ ఫోనే కనిపెట్టి పైకి చెప్పేస్తుందట. పునాది ఫొటోకి నేను పెళ్లి చీర కట్టుకుని, కనకాంబరాలు పెట్టుకుని వెళ్లాను. మోకాలెత్తు రాళ్ల ముందు పెళ్లి కూతుర్లా నిలబడ్డాను.

"అమ్మా, నవ్వకండి" అన్నాడు ఇంజినీరు. విజయనగరం వైపు నుంచి కొత్తగా ఉద్యోగానికొచ్చిన పిల్లాడు, చాలా మర్యాద. "మీరు నవ్వుతుంటే ఫోను మిమ్మల్ని గుర్తుపట్టట్లేదు. ఆధార్‌లో మీ ముఖం సీరియస్‌గా ఉంది."

ఆధార్‌లో అందరి ముఖాలూ అలాగే ఉంటాయి కదా. నవ్వాపుకుందామని పెదాలు బిగించాను. పెదాలు బిగిస్తే ముక్కులోంచి వచ్చింది. ఇంజినీరు ఫోను దింపాడు, ఎత్తాడు, మళ్లీ దింపాడు. అప్పుడు మా ఆయన నోరు తెరిచి, "మా యమ్మని తలుసుకో" అన్నాడు. నా ముఖం టక్కున సరైపోయింది. ఫొటో పడింది.

గోడలు లేవడం గురించి చెప్పను. ఇల్లు కట్టి చూడు అని పెద్దలు ఊరికే అనలేదు. ఇసుక కోసం ఏడ్చాను, ఇటుకల లారీవాడితో పోట్లాడాను, తాపీమేస్త్రి రానని చెబితే వాళ్లింటికెళ్లి గుమ్మంలో కూచున్నాను. ఇంత ఏడ్చినా లోపల మాత్రం ఎప్పుడూ పండగే. ఇంటి వెనక పొయ్యి ఎక్కడ పెట్టాలో ముగ్గుతో గీసుకుని, రోజూ సాయంత్రం వెళ్లి ఆ గీత ముందు కాసేపు గొంతుక్కూచుని వచ్చేదాన్ని. నాకు పిచ్చెక్కిందని ఊళ్లో అనుకున్నారు. వాళ్ల తప్పేం లేదు.

గోడల మీద సెంట్రింగ్ కొట్టి, చెక్కలు పరిచి, ఊచలు కట్టాక ఇంజినీరు వచ్చి చల్లగా ఒక మాట చెప్పాడు. "నెలాఖరులోగా శ్లాబు ఫొటో పైకి వెళ్లకపోతే మీ మంజూరు రద్దయిపోతుందమ్మా. పైనుంచి గట్టిగా చెప్పేశారు."

రద్దు అంటే ఏంటో నాకు తెలుసు. మా పక్క ఊళ్లో ఒకామె ఇల్లు అలాగే గోడల దగ్గర ఆగిపోయింది. ఇప్పుడు ఆ గోడల మధ్య గుమ్మడి తీగ పాకుతోంది. కాయలు మాత్రం బాగా కాస్తాయి.

శ్లాబుకి మిల్లర్ కావాలి. కాంక్రీటు కలిపే ఆ మిషను అరకులో ఒకాయన దగ్గర ఉంది. ఎండాకాలం కాబట్టి దానికి పెళ్లిముహూర్తాలంత గిరాకీ. వెతగ్గా వెతగ్గా ఆ నెల్లో ఒకే ఒక్క రోజు ఖాళీ దొరికింది. "మిషను పంపు, దాని మేస్త్రిని పంపు చాలు. మోసే మనుషులం మేమున్నాం" అని మా ఆయన చెప్పొచ్చాడు. మా ఊళ్లో ఇల్లు లేస్తుంటే కూలీలని పిలవరు. ఇంటికొకరు వచ్చి చెయ్యి వేస్తారు. వాళ్లకి ఆ పూట అన్నమూ జీలుగు కల్లూ ఇస్తే చాలు. శ్లాబు రోజు వస్తామని మగాళ్లందరూ తలూపారు.

సరిగ్గా అక్కడే పొరపాటు జరిగింది. గోడ మీది క్యాలెండర్లో ఆ తేదీ కింద ఏమీ లేదు. మా పండగలు క్యాలెండర్లో ఉండవు. దిశారి, అంటే మా ఊరికి మంచీ చెడూ చూసి చెప్పే పెద్ద, చంద్రుణ్ణి చూసి, వేళ్లు మడిచి, ఇటుకల పండగ వేట ఫలానా రోజని చెబుతాడు. ఆయన చెప్పినప్పుడు కూడా మగాళ్లందరూ తలూపారు. రెండు చోట్లా తలూపింది అవే తలకాయలు. రెండూ ఒకటే రోజని ఒక్క తలకాయకీ తట్టలేదు. ముందురోజు సాయంత్రం వేట సామాను దులుపుతున్నప్పుడు మా ఆయనకి వెలిగింది.

ఇటుకల పండగంటే ఏమిటో తెలియని వాళ్ల కోసం చెబుతాను. చైత్రంలో మా మగాళ్లు విల్లమ్ములు పట్టుకుని అడవికి పోతారు. ఏదో ఒకటి దొరక్కుండా ఊళ్లోకి అడుగుపెట్టకూడదు. వట్టి చేతులతో వస్తే ఆడవాళ్లు పేడనీళ్లు పోస్తారు. ఇప్పుడు అడవిలో ఏముంది గనక? ఉన్న ఒకటీ అరా జోలికి వెళితే ఫారెస్టువాళ్లు ఊరుకోరు. వేట పేరుకే. నిజానికి అది కొండలెమ్మట తిరుగుడు. ఇక మగాళ్లు తిరిగొచ్చేదాకా ఆడవాళ్లం రోడ్డుకి అడ్డంగా వెదురు గడ పట్టుకుని, వచ్చే పోయే బళ్లని ఆపి, పాటలు పాడి పండగ డబ్బులు అడుగుతాం. ఇవ్వందే గడ లేవదు. ఆదివారం ప్రార్థనకి వెళ్లే ఇళ్లవాళ్లు కూడా గడ పట్టడానికి మాత్రం ముందుంటారు.

పొద్దున్నే మా ఆయన విల్లు భుజాన వేసుకుని నా ముందు నిలబడ్డాడు. "బేగి వచ్చేత్తాను. ఒక పిట్టని కొట్టేసి మద్దేనానికల్లా" అన్నాడు.

"నీ జన్మలో దోమని కొట్టావా?" అన్నాను.

"అందరూ ఎల్తన్నారు. ఊరికి మంచిది కాదు, మానకూడదు."

"నా ఇల్లు పోతే ఊరికి మంచిదా?"

మాట పొదుపు మనిషి కదా, జవాబు చెప్పకుండా వెళ్లిపోయాడు. ఆయన వెనకే ఊరి మగాళ్లంతా డప్పు కొట్టుకుంటూ కొండెక్కేశారు. వాళ్ల వీపుల వైపు చూస్తూ నేను నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను. డప్పు మోతలో ఒక్కటీ వాళ్లకి వినబడలేదు.

కాసేపటికి ట్రాక్టరు వెనక తగిలించిన మిల్లర్ వచ్చింది. దాని మేస్త్రి మైదానం మనిషి, నడివయసు, తలకి తువ్వాలు. రోడ్డు మీద గడ దగ్గర నవ్వుతూ పండగ డబ్బులిచ్చి లోపలికి వచ్చాడు. వచ్చి చుట్టూ చూశాడు. ఇసుక గుట్ట ఉంది, కంకర గుట్ట ఉంది, సిమెంటు బస్తాలున్నాయి, నేనున్నాను.

"మనుషులేరమ్మా?"

"వేటకెళ్లారు."

"ఎప్పుడొస్తారు?"

"దొరికాక."

"ఏం దొరికాక?"

"ఏదో ఒకటి" అన్నాను.

ఆయన తువ్వాలు విప్పి ముఖం తుడుచుకున్నాడు. కాంక్రీటు తిప్పడం మొదలుపెడితే శ్లాబు నిండేదాకా ఆపకూడదనీ, మోసేవాళ్లు లేకుండా మొదలుపెట్టేది లేదనీ, రేపు ఇంకోచోట పని ఉందనీ, మళ్లీ ఖాళీ అంటే వచ్చే నెలేననీ ఓపిగ్గానే చెప్పాడు. చెప్పి ట్రాక్టరు తిప్పాడు. ఆ గుమ్మడికాయలు కళ్ల ముందు కనిపించాయి. అప్పుడేం చేశానో నాకు వరసగా గుర్తులేదు. జుట్టు ఊడిపోయి, ఏడుస్తూ, తిడుతూ, చేనికి అడ్డంపడి రోడ్డు మీది గడ దగ్గరికి పరిగెత్తాను. మిల్లర్ని లాక్కెళ్లే ట్రాక్టరు నడక ఎద్దుబండి నడక, కాబట్టి నేనే ముందు చేరాను.

గడకి నడిమధ్యన మా అత్త, అటూ ఇటూ ఊరి ఆడవాళ్లంతా. పాట ఆపేసి నన్నే చూశారు.

"ఏటైందే?"

"మిల్లరోడు పోతన్నాడత్తా. ఇయ్యాల శ్లాబు పడకపోతే నా ఇల్లు పోద్ది."

ఆవిడ నన్ను కింది నుంచి మీది దాకా చూసింది. ఇన్ని నెలలుగా ఈ మాట కోసమే చూస్తోందేమో అనుకున్నాను. గడ ఎత్తేస్తే చాలు. ట్రాక్టరు వెళ్లిపోతుంది, ఇల్లు ఆగిపోతుంది, కోడలు మళ్లీ తన పొయ్యి దగ్గరే ఉంటుంది. ట్రాక్టరు వచ్చి ఆగింది.

"గడ తియ్యండమ్మా, ఇందాక ఇచ్చాను కదా" అన్నాడు మేస్త్రి.

"అది రాడానికిచ్చావు, నాయనా" అంది అత్త. "ఇప్పుడు పోతన్నావు గదా. పోడానికి వేరే."

ఆయన జేబులో చెయ్యి పెట్టి, "ఎంత?" అన్నాడు.

"డబ్బులొద్దు. శ్లాబు పోసి పో."

ఎగతాళి అనుకుని ఆయన నవ్వాడు. అత్త రోడ్డు మీద మఠం వేసుకుని కూచుంది. ఆవిడ కూచుంటే అందరూ కూచున్నారు. మేస్త్రి నవ్వు ఆగిపోయింది. "పోసేద్దును తల్లీ, మోసేదెవరు?" అన్నాడు.

"ఇంతమంది కనపట్లేదా నీకు? మేకల్లాగున్నామా?"

నేను ఏడుస్తున్నదాన్ని అలాగే నవ్వేశాను. రెండూ కలిసి ఎక్కిళ్లు పట్టుకున్నాయి.

ఇంతలో ఒక ముసలమ్మ మెల్లగా అడిగింది, "మోత్తాం సరే. పైకెవులెక్కుతారు?" అని. మా ఊళ్లో ఆడది ఇంటి కప్పు ఎక్కకూడదు. గడ్డి కప్పినా, పెంకు సర్దినా మగాళ్లే. చెక్కలు పరిచిన రోజు పైనుంచి ఎలా ఉందో చూద్దామని నేను నిచ్చెన మీద రెండు మెట్లెక్కితేనే అత్త చెయ్యి పట్టి కిందికి లాగింది. ఇప్పుడు అందరూ ఆవిడ ముఖమే చూస్తున్నారు.

అత్త గోడల మీది చెక్కల వైపు తల తిప్పి చూసింది. "కప్పెక్కకూడదు. నిజమే. అక్కడ కప్పుందా?" అంది. "ఉన్నది సెక్కలు. శ్లాబు పడినాక గదా అది కప్పవుద్ది. పడేదాకా మంచె. మంచెక్కి పిట్టల్ని తోలట్లేదా మనం?"

సుప్రీంకోర్టులో కూడా ఇంత చక్కని తీర్పు రాదు. ఆడవాళ్లందరూ చీరలు ఎగ్గట్టి లేచారు. మేస్త్రి తువ్వాలు మళ్లీ తలకి చుట్టుకున్నాడు.

ఆ రోజు గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. మిల్లర్ దగ్గర్నుంచి నిచ్చెన దాకా, నిచ్చెన మీద, చెక్కల మీద మనిషి పక్కన మనిషి నిలబడి తట్టలు అందించుకున్నాం. తట్టలు చాలక అంగన్‌వాడీ గిన్నెలు కూడా తెచ్చాను. ఆ మాట పైవాళ్లకి చెప్పకండి. నోరూరుకోక ఎవరో మేం వరస కట్టి ఆడే థింసా పాట ఎత్తుకున్నారు. ఇక తట్టలు పాట ప్రకారం కదిలాయి. పాట బాగానే ఉంది గానీ, చరణం అయిపోయినప్పుడల్లా అలవాటు కొద్దీ వరస మొత్తం ఒక అడుగు వెనక్కి వేసి చుట్టు తిరిగేది. పైన ఉన్నవాళ్లు చెక్క చివర దాకా వెళ్లి ఊగి వచ్చేవాళ్లు. మేస్త్రికి గుండె జారిపోయేది. చరణం ఎక్కడ అవుతుందో పాపం తొందరగానే పట్టేశాడు. ముందే "తిరక్కండమ్మా" అని అరిచేవాడు.

రోడ్డు మీద గడ అలాగే ఉంది. దగ్గర్లోని జలపాతం చూడ్డానికొచ్చే కార్లు ఆగుతున్నాయి. కానీ గడ దగ్గర మిగిలిన ఒకరిద్దరు ఆడవాళ్లు డబ్బులు పుచ్చుకోవడం మానేశారు. "దిగండి బాబూ, కాసిన్ని తట్టలు అందించి పోండి" అనడమే. విశాఖపట్నం నుంచి వచ్చిన కొత్త జంట ముందు భయపడింది, తర్వాత వెళ్లమన్నా వెళ్లలేదు. పెళ్లికూతురు గాజుల మీద సిమెంటు చూసుకుని ఫొటోలు తీసుకుంది. సంతకి ఉల్లిపాయలు తెచ్చే షావుకారు, "నేను మీ అందరికీ తెలిసినోణ్ణే కదమ్మా" అని బతిమాలాడు. తెలిసినవాడు కాబట్టి ఎక్కువ మోయించారు. అంతలో శ్లాబు మందం కొలవడానికి స్కూటీ మీద ఇంజినీరు వచ్చాడు. గడ లేవలేదు. "నేను ఇంజినీరునండీ" అన్నాడు. "మరీ మంచిది. ఇటు రా నాయనా" అని చేతిలో తట్ట పెట్టారు.

సగం శ్లాబు పడ్డాక పైన ఉన్న ఒక కొత్త కోడలు తట్ట పట్టుకుని ఆగిపోయింది. "అదిగో, మా ఊరు" అంది.

అందరం అటు తిరిగాం. నిజమే, చర్చి శిలువ, పక్కన నీలగిరి చెట్లు, వాళ్ల ఊరే. కింద నిలబడితే కొండ అడ్డం. శ్లాబు ఎత్తు నుంచి ఆ కొండ భుజం మీదుగా అవతలి ఊళ్లు కనిపిస్తున్నాయి. పైన ఉన్నవాళ్లం ఒక్కరం కూడా ఈ ఊళ్లో పుట్టినవాళ్లం కాదు. అందరం కోడళ్లమే. అందరం ఎక్కడెక్కడి నుంచో వచ్చి, ఆ కొండ ఇవతల పడినవాళ్లమే. ఇక చూసుకోండి. మా ఊరిదిగో, మీ ఊరదిగో, ఆ పొగ మా నాన్నోళ్ల ఇంట్లోదే అని ఒకరి మీద ఒకరు పడి వేళ్లు చూపించుకోవడం. నాకూ మా ఊరి చెరకుతోట కనిపించింది. తట్ట దించేసి దానికి చెయ్యి ఊపాను, నవ్వు మాత్రం ఆగలేదు. కింద తట్టలు గుట్ట పడ్డాయి.

"గట్టిపడిపోద్దమ్మా, పుట్టిళ్లు తర్వాత చూసుకోండి" అని మేస్త్రి మొత్తుకున్నాడు.

మమ్మల్ని తిట్టడానికి అత్త నిచ్చెన ఎక్కింది. మోకాళ్ల నొప్పుల మనిషి, ఒక్కో మెట్టు మీదా ఆగి ఒక్కో తిట్టు తిట్టుకుంటూ వచ్చింది. పైకొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, తిట్టడానికి నోరు తెరిచి, అలాగే ఉండిపోయింది. ఆవిడ మాడుగుల వైపు చూస్తోంది. దూరంగా, అన్ని కొండల వెనక, నడుం మీద తెల్ల బండ ఉన్న కొండ.

"ఆ బండకి అవతల మా ఊరు" అంది. అంత మెల్లగా ఆవిడ మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ఆవిడ అన్నగారు పోయాక ఆ ఊరి నుంచి పిలిచేవాళ్లు లేరు. నేను కాపురానికొచ్చాక ఆవిడ ఒక్కసారీ అటు వెళ్లలేదు. ఎవరో అందించిన తట్ట చేతుల్లోకి తీసుకుని పొయ్యడం మర్చిపోయింది. కాంక్రీటు పాదాల మీద పడ్డాక తేరుకుని, "ఏటే సూత్తన్నారు, కానీండి" అని మా మీద విరుచుకుపడింది.

పొద్దు వాలకముందే శ్లాబు నిండిపోయింది. మేస్త్రి చివరి మూల రుద్దుతుంటే కొండ మీది నుంచి డప్పు వినిపించింది. మగాళ్లు వస్తున్నారు. ముందు మా ఆయన, చేతిలో ఏదో తలకిందులుగా వేలాడుతోంది. దగ్గరికొచ్చాక చూశాం. ఫారం కోడి. తెల్లది.

పై నుంచి అత్త అడిగింది, "ఏ అడివిలో దొరికింది నాయనా?" అని.

మా ఆయన మాట పొదుపు చేశాడు. మిగిలిన మగాళ్లు శ్లాబు వైపు, దాని అంచు చెక్కల మీద నిలబడ్డ పెళ్లాల వైపు, వదినెల వైపు, తల్లుల వైపు చూసి నోళ్లు తెరిచారు. పేడనీళ్లు కలపడానికి ఎవరికీ తీరిక దొరకలేదు. తట్టలు కడిగిన సిమెంటు నీళ్లు బోలెడున్నాయి. అవే పోశాం. మా ఆయన బూడిద పూసుకున్న సాధువులా నిలబడి కోడిని మాత్రం తడవకుండా పైకెత్తి పట్టుకున్నాడు.

అప్పుడు ఫొటో. ఇంజినీరు తడి చొక్కాకి చేతులు తుడుచుకుని ఫోను తీశాడు. నేను ఇంటి ముందు నిలబడ్డాను. పైన అంచు చెక్కల మీద ఆడవాళ్లందరూ వరసగా నిలబడ్డారు. "అమ్మా, నవ్వకండి" అన్నాడు. ఎలా ఆపను? "మా యమ్మని తలుసుకో" అన్నాడు మా ఆయన. తలుచుకున్నాను, ఇంకా ఎక్కువ నవ్వొచ్చింది. ఫోను నన్ను గుర్తుపట్టనని మొండికేసింది. వెలుతురు పోతోంది. ఇంజినీరు ముఖంలో కంగారు. అప్పుడు అత్త పైనుంచి వంగి, "ఒలే, ఇంతమందికీ వంట ఎవులు సేత్తారే?" అంది.

నా ముఖం టక్కున సరైపోయింది. ఫొటో పడింది.

బిల్లు కూడా పడింది. శ్లాబు మీద మట్టి గట్లు కట్టి, ఆరకుండా నీళ్లు నిలబెట్టాలన్నాడు మేస్త్రి. ఆ పని అత్త తీసుకుంది. రోజూ బిందె పట్టుకుని, మోకాళ్లని తిట్టుకుంటూ నిచ్చెన ఎక్కేది. శ్లాబు పడింది కదా, ఇక అది కప్పే కదా అని దిశారి గుర్తుచేశాడు. "ఇంకా నీళ్లు తాగతంది. పాలు తాగే బిడ్డని మనిషంటారా?" అంది అత్త. ఆయన తల గోక్కుని వెళ్లిపోయాడు.

నీళ్లు కట్టడం అయిపోయింది. సెంట్రింగ్ విప్పారు. నిచ్చెన పక్కింటి వాళ్లది, వచ్చి భుజాన వేసుకుని పట్టుకెళ్లిపోయారు. నేను ఇంటి వెనక, వంటగదికి మిగిల్చిన ఇటుకలు సర్దుతున్నాను. ఉన్న ఇటుకలకీ సిమెంటుకీ చిన్న గది, అందులో పొయ్యి గట్టు, సరిగ్గా సరిపోతాయి. అత్త గోడ పక్కన నిలబడి నిచ్చెన వెళుతున్న వైపు చూస్తోంది. "ఇంక పైన పనేటీ లేదు గదా" అంది. నన్ను అడిగినట్టు కూడా లేదు. అని వరసలోని తన ఇంటికి వెళ్లిపోయింది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడ మీదో నా మీదో చెప్పలేను. మర్నాడు తాపీమేస్త్రి వచ్చి వంటగదికి తాడు కొలత వేస్తుంటే, "ఈ ఇటుకలతో మెట్లొస్తాయా?" అని అడిగాను.

"వంటగదన్నావు కదమ్మా."

"రెండూ రావా?"

"ఏదో ఒకటే."

"మెట్లు కట్టు" అన్నాను. మా ఆయన నా వైపు తిరిగి, "నీ పొయ్యో?" అన్నాడు. ఆ ఒక్కసారి ఆయన మాట పొదుపు చేసి ఉంటే బాగుండేది. నేను వెళ్లి ముగ్గు గీత కాలితో చెరిపేసి, ఇసుక జల్లెడ పట్టడానికి కూచున్నాను. కళ్లలో ఇసుక పడిందని చెప్పాను.

మెట్లు చూసి దిశారి ఈసారి ఊరి పెద్దల్ని కూడా వెంటబెట్టుకుని వచ్చాడు. అత్త వాళ్లని కూచోబెట్టి మంచినీళ్లిచ్చింది. "మెట్లున్నదాన్ని కప్పంటారా, మేడంటారా?" అని అడిగింది. మేడంటారు అన్నారు. "మేడెక్కకూడదని ఎవులన్నా అన్నారా?" అంది. మా ఊళ్లో అంతకు ముందు మేడే లేదు, ఎవరంటారు?

ఇప్పుడు పడుకునేది కొత్త ఇంట్లో. తినేది అత్త ఇంట్లో. సాయంత్రం అయ్యేసరికి ఆవిడ రాజ్మా ఎండబెట్టానని చెప్పి మెట్లెక్కుతుంది. రాజ్మా ఎప్పుడో ఎండింది, సంతలో అమ్ముడైపోయింది కూడా. పొద్దు కుంగేదాకా ఆవిడ దిగదు. కింద పొయ్యి దగ్గర పీట ఖాళీగా ఉంటుంది. మంట నా ఇష్టం, పులుసు నా ఇష్టం. ఆవిడ దిగొచ్చి, కంచం ముందు కూచుని, ఏం పెట్టినా తినేస్తుంది. కూర ఎలా ఉందని నేనే అడగాలి. "ఎవులు వండారే?" అంటుంది.

"నేనే అత్తా" అంటాను.